సీటు దొరికిన తరువాత



చెన్నై, హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం - మనవాళ్ళు ఎక్కడ స్థిరపడినా, ఇంట్లో పదో తరగతి దాటిన పిల్లలుంటే మాట ఇంజనీరింగ్ చదువు మీదికి రాక మానదు. ఏ కళాశాల, ఏ బ్రాంచి, ఫీజు ఎంత, ర్యాంకు ఎంత వస్తుంది అని లెక్కలు వేసుకుంటాం. సీటు దొరికిందనగానే గండం గట్టెక్కినట్టు ఊపిరి పీల్చుకుంటాం. సీటు దొరికిన తరువాత ఆ పిల్ల తరగతిలో ఎవరి పక్కన కూర్చుంటుంది, అర్థం కాని లెక్క ఎవరిని అడుగుతుంది, సాయంత్రం హాస్టల్లో ఎవరితో మాట్లాడుతుంది అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈనాటి ప్రసంగం ఆ సంగతి గురించే.

ఇంజనీరింగ్ కళాశాలలు మొదట అందరి కోసం పెట్టినవి కావు. ఆడపిల్లలు, అణగారిన కులాలవారు, అమెరికాలోనైతే నల్లజాతివారు, చాలాకాలం ఆ గుమ్మం బయటే ఉండిపోయారు. తరువాత ప్రభుత్వ ఉత్తర్వులూ చట్టాలూ న్యాయస్థానాల తీర్పులూ ఆ గుమ్మాన్ని కొద్దికొద్దిగా తెరిచాయి. ఈ కథ మనకు కొంత తెలిసినదే. లోపలికి వెళ్ళినవాళ్ళు అక్కడ నిలదొక్కుకోవడానికి తోటి విద్యార్థులే ఒకరికొకరు ఎలా తోడయ్యారన్నది అంతగా చెప్పుకోని కథ. ఆ కథలో మన చెన్నపట్టణానికీ ఒక తెలుగు వనితకూ మంచి స్థానం ఉంది. అందుకని అక్కడి నుంచే మొదలు పెడతాను.

గిండీ ఇంజనీరింగ్ కళాశాల పుట్టింది 1794లో. అప్పుడది సెయింట్ జార్జి కోటలో మైకేల్ టాపింగ్ అనే దొర నడిపిన సర్వే పాఠశాల. విద్యార్థులు 8 మంది. అనాథ శరణాలయం నుంచి తెచ్చిన కుర్రాళ్ళు. కుంఫిణీ ప్రభుత్వానికి భూములు కొలిచేవాళ్ళు కావాలి, ఇంగ్లండు నుంచి రప్పిస్తే ఖర్చు ఎక్కువ. అందుకని ఆ బడి పెట్టారు. 1859లో అది సివిల్ ఇంజనీరింగ్ కళాశాల అయింది. 1920లో గిండీకి తరలింది. 1930లో ఎలక్ట్రికల్ శాఖ వచ్చింది. కాకినాడలో, అనంతపురంలో ఇంజనీరింగ్ కళాశాలలు 1946లో ఏర్పడే దాకా మద్రాసు రాజధానిలోని తెలుగు పిల్లలకు ఇంజనీరింగ్ అంటే గిండీయే. నాగార్జునసాగర్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చే కానూరి లక్ష్మణరావుగారు కూడా అక్కడ చదివినవారే. అయితే 1794 నుంచి 1940 దాకా, అంటే 146 సంవత్సరాల పాటు, ఆ సంస్థలో ఒక్క ఆడపిల్ల కూడా చదవలేదు.

1940లో ఆ లోటు తీర్చినవారు అయ్యలసోమయాజుల లలితగారు. ఆమె 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. ఆనాటి ఆచారం ప్రకారం లలితగారికి పదిహేనో ఏటనే వివాహమైంది. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయారు. అప్పటికి చంటిబిడ్డ వయసు నాలుగు నెలలు. ఆ రోజుల్లో మన ఇళ్ళలో వితంతువు బతుకు ఎలా ఉండేదో పెద్దవాళ్ళు చెప్పగా మనలో చాలామందిమి విన్నాం. పుట్టింటివారు ఆమెను ఒక మూల కూర్చోబెట్టలేదు. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి మొదటి తరగతిలో పాసయ్యారు.

తరువాత ఏం చదవాలి? ఆడపిల్ల పై చదువంటే ఆనాడు తోచేది వైద్యం. వైద్యులైతే రాత్రీ పగలూ పిలుపులొస్తాయి, బిడ్డను వదిలి పరుగెత్తాలి. వేళకు వెళ్ళి వేళకు ఇంటికి రాగల ఉద్యోగం కావాలని ఆమె అనుకున్నారు. ఇంట్లో తండ్రీ అన్నదమ్ములూ ఇంజనీర్లే కాబట్టి ఆ చదువు మీదకు మనసు పోయింది. సుబ్బారావుగారు కళాశాల ప్రిన్సిపాలు చాకోగారిని, ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టరు స్టాథమ్ దొరగారిని కలిసి అడిగారు. ఇద్దరూ సరేనన్నారు. అలా ఒక తండ్రి చొరవ వల్ల, ఇద్దరు అధికారుల మంచితనం వల్ల ఒక్క ఆడపిల్లకు గిండీ గుమ్మం తెరుచుకుంది.

ఇక్కడికి ప్రవేశం కథ ముగిసింది. తరువాతి సంగతి గమనించండి. వందల మంది మగపిల్లల మధ్య లలితగారు ఒక్కరే ఆడపిల్ల. తోటి విద్యార్థులు మర్యాదగానే ఉన్నారు, చదువులో ఇబ్బంది లేదు. బిడ్డను బంధువుల దగ్గర ఉంచి, వారం చివర వెళ్ళి చూసుకునేవారు. సాయంత్రమయ్యేసరికి హాస్టల్లో పలకరించే దిక్కు లేదు. కొన్ని నెలలకు ఆ ఒంటరితనం సంగతి తండ్రికి చెప్పుకున్నారు. ఆయన మళ్ళీ పూనుకుని, గిండీలో ఆడపిల్లలను కూడా చేర్చుకుంటామని కళాశాల చేత ప్రకటన చేయించారు. ఆ ప్రకటన చూసి కేరళ నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఒకరు లీలమ్మ జార్జి, మరొకరు పి.కె. త్రేసియా. ఇద్దరూ సివిల్ ఇంజనీరింగులో చేరారు. హాస్టల్లో ఒక్కరున్న చోట ముగ్గురయ్యారు.

వారిద్దరూ లలితగారి కంటే ఒక సంవత్సరం వెనుక. యుద్ధం రోజులు కావడంతో కోర్సు కాలాన్ని కొన్ని నెలలు కుదించారు. దాంతో 1943లో ముగ్గురూ కలిసే చదువు పూర్తి చేశారు. పట్టాల దగ్గర ఒక చిన్న చిక్కు వచ్చింది. అచ్చువేసిన పత్రంలో ఇంగ్లీషున 'అతడు' అన్న అర్థం వచ్చే మాటే ఉంది. ఆడపిల్ల ఈ పట్టా పుచ్చుకుంటుందని అచ్చు వేయించినవారికి తోచలేదు. 'హీ' అన్న మాట కొట్టేసి, 'షీ' అని చేత్తో రాసి ఇచ్చారు.

ముగ్గురూ పట్టా పుచ్చుకుని ఇళ్ళకు పోలేదు. లలితగారు బీహారులోని జమాల్‌పూరు రైల్వే కర్మాగారంలో శిక్షణ పొంది, సిమ్లాలో ప్రభుత్వోద్యోగం చేసి, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్తు పనుల్లో ఆమె చేయి ఉంది. త్రేసియాగారు కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖలో పని చేస్తూ 1971లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. మన దేశంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమే. లీలమ్మగారు తిరువాన్కూరు పబ్లిక్ వర్క్స్ శాఖలో ఇంజనీరుగా చేరారు.

లలితగారి కథ మనల్ని ఇప్పుడు అమెరికా తీసుకుపోతుంది. 1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. 35 దేశాల నుంచి ప్రతినిధులు వచ్చారు. మన దేశంలో అప్పటికి అలాంటి సంఘం లేదు. అందుకని లలితగారు తన సొంత హోదాలోనే వెళ్ళారు. తిరిగి వచ్చాక 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరగబోయే రెండో సమావేశానికి భారతదేశం తరఫున ప్రతినిధిగా పని చేయడానికి ఒప్పుకున్నారు. ఆమె పూనికతో ఆ సమావేశానికి మన దేశం నుంచి అయిదుగురు మహిళా ఇంజనీర్లు వెళ్ళారు. 1964లో ఒక్కరు, 1967లో అయిదుగురు. గిండీ హాస్టల్లో ఒంటరితనం అనుభవించిన మనిషి చేసిన పని అది. ఆమె 1979 అక్టోబరు 12న, అరవయ్యో ఏట కన్నుమూశారు.

ఆ న్యూయార్కు సమావేశాన్ని ఏర్పాటు చేసింది అమెరికాలోని మహిళా ఇంజనీర్ల సంఘం. దాని పుట్టుక చూస్తే మళ్ళీ విద్యార్థుల దగ్గరకే వెళ్ళాలి. 1914లోనే మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, వాస్తుశిల్పం చదివే కొద్దిమంది అమ్మాయిలు టి-స్క్వేర్ సొసైటీ అని ఒక సంఘం పెట్టుకున్నారు. గీతలు గీసే కొయ్య పరికరం పేరే దానికి పెట్టారు. తరువాత 1919లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థినులు, లూ ఆల్టా మెల్టన్, హిల్డా కౌంట్స్, ఇంకొక అడుగు ముందుకు వేశారు. దేశంలోని ఇంజనీరింగ్ కళాశాలలకు ఉత్తరాలు రాశారు. మీ దగ్గర ఆడపిల్లలు ఎవరైనా చదువుతున్నారా, చదివారా, వారి వివరాలు పంపండి అని అడిగారు. కొన్నిచోట్ల నుంచి పేర్లు వచ్చాయి. ఇంకొన్నిచోట్ల నుంచి, మా దగ్గర ఆడపిల్లలు లేరు, ఇంతకు ముందూ లేరు, ముందు ముందు వస్తారనీ అనుకోవడం లేదు అన్న ధోరణిలో జవాబులు వచ్చాయి. అయినా వారు పట్టు వదలక ఒక సంఘాన్ని ప్రారంభించారు.

ఆ సంఘం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఆలోచన మాత్రం చావలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ సంస్థలో చదివే అమ్మాయిలు మళ్ళీ కూడబలుక్కున్నారు. చుట్టుపక్కల కళాశాలల వారినీ పిలిచారు. చివరకు 1950 మే నెలలో న్యూజెర్సీలోని ఒక శిక్షణ శిబిరంలో పట్టభద్రులూ విద్యార్థినులూ కలిసి మహిళా ఇంజనీర్ల సంఘాన్ని స్థాపించారు. బియాట్రిస్ హిక్స్ తొలి అధ్యక్షురాలు.

గుమ్మం దాటిన వారికి కూడా ఎన్ని అడ్డంకులుండేవో తెలియాలంటే యివాన్ క్లార్క్ అనే ఇంజనీరు కథ చెప్పుకోవాలి. ఆమె నల్లజాతి స్త్రీ. 1951లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొందిన మొదటి స్త్రీ. స్నాతకోత్సవంలో మగవారితో కలిసి నడవనివ్వకుండా, అధ్యక్షుడి గదిలో విడిగా పట్టా చేతికిచ్చారు. 1957లో మహిళా ఇంజనీర్ల సంఘం వార్షిక సమావేశం టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో జరిగింది. సభ్యురాలైన క్లార్క్‌కు అక్కడి హోటలు గది ఇవ్వలేదు. కారణం ఆమె ఒంటి రంగు. ఆమె బంధువుల ఇంట్లో దిగవలసి వచ్చింది. తోటి సభ్యులు దీనిని చూసీ చూడనట్టు వదిలేయలేదు. వర్ణభేదం పాటించే దక్షిణాది ప్రాంతంలో ఇక సమావేశాలు పెట్టకూడదని సంఘం నిర్ణయించింది. ఆడవాళ్ళన్న కారణంగా తామెంత బయట ఉన్నారో తెలిసిన సంఘానికి, తమలోనే ఒకరు ఇంకొక కారణంగా బయట నిలబడ్డారన్న సంగతి ఆనాడు తెలిసివచ్చింది.

ఇక అమెరికాలో నల్లజాతి విద్యార్థుల సంగతికి వద్దాం. 1964 పౌరహక్కుల చట్టం వచ్చిన తరువాత అక్కడి విశ్వవిద్యాలయాల్లో వారి ప్రవేశాలు పెరిగాయి. ఇండియానా రాష్ట్రంలో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఉంది. చంద్రుడి మీద మొదట కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంజనీరింగ్ చదివింది అక్కడే. అలాంటి పేరున్న చోట 1970 ప్రాంతంలో ఇంజనీరింగులో చేరిన నల్లజాతి విద్యార్థుల్లో నూటికి దాదాపు 80 మంది మధ్యలోనే మానేస్తున్నారు. సీట్లు ఇచ్చారు, పిల్లలు వచ్చారు, పదిమందిలో ఎనిమిది మంది మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు.

1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూపర్ అనే ఇద్దరు విద్యార్థులు అక్కడి ఇంజనీరింగ్ డీన్ దగ్గరకు వెళ్ళారు. మావాళ్ళను చేర్చుకోవడానికీ, చేరినవాళ్ళు నిలబడడానికీ ఒక విద్యార్థి సంఘం పెట్టుకుంటాం అన్నారు. డీన్ ఒప్పుకుని ఆర్థర్ బాండ్‌ను సలహాదారుగా ఇచ్చారు. బాండ్ అప్పుడక్కడ పాఠాలు చెబుతున్నారు. స్వయంగా అదే విశ్వవిద్యాలయంలో బి.ఎస్., ఎం.ఎస్. చదివి, 1974లో అక్కడే పిహెచ్.డి. పట్టా కూడా పుచ్చుకున్నారు. అంటే స్నాతకోత్తర విద్యార్థి బతుకూ, గురువు బతుకూ రెండూ తెలిసిన మనిషి. తరువాత ఆయన అలబామా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ డీన్ అయ్యారు.

ఆ సంఘం చేసిన పనుల్లో ఆర్భాటం ఏమీ లేదు. కలిసి కూర్చుని చదవడం, ముందున్నవారు వెనుకవారికి పాఠం చెప్పడం, ఉన్నత పాఠశాలలకు వెళ్ళి అక్కడి పిల్లలకు ఇంజనీరింగ్ అంటే ఏమిటో చెప్పడం, ఉద్యోగాలిచ్చే సంస్థలతో పరిచయాలు కల్పించడం - ఇవీ ఆ సంఘం నమ్ముకున్న దారులు. 1974లో సంఘం అధ్యక్షుడుగా ఉన్న ఆంథొనీ హారిస్, దేశంలో గుర్తింపు ఉన్న 288 ఇంజనీరింగ్ కళాశాలల అధిపతులకు ఉత్తరాలు రాశారు. 1919లో కొలరాడో అమ్మాయిలు పట్టిన దారే ఇదీ. మీ దగ్గర నల్లజాతి విద్యార్థుల సంఘాలున్నాయా, వారి నాయకులెవరు, అధ్యాపకులెవరు అని అడిగారు. 80 జవాబులు వచ్చాయి. 1975 ఏప్రిల్ 10 నుంచి 12 దాకా పర్డ్యూలో 32 కళాశాలల నుంచి 48 మంది విద్యార్థులు సమావేశమై దేశవ్యాప్త సంఘాన్ని ఏర్పాటు చేశారు. 288 ఉత్తరాలకు 48 మంది వచ్చారంటే తక్కువే అనిపించవచ్చు. తరువాత అదే నల్లజాతి ఇంజనీర్ల జాతీయ సంఘంగా వేల మంది సభ్యులతో ఎదిగింది.

ఇంచుమించు అదే కాలంలో కాలిఫోర్నియాలో ఒక స్నాతకోత్తర విద్యార్థి ఇంకొక ముఖ్యమైన సంగతి కనిపెట్టారు. ఆయన పేరు యూరి ట్రైస్‌మన్. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, కింది తరగతులకు గణితం చెప్పేవారికి శిక్షణ ఇచ్చేవారు. ఇంజనీరింగ్ చదవాలన్నా సైన్సు చదవాలన్నా మొదటి సంవత్సరంలో కాలిక్యులస్ అనే గణితం దాటాలి. నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా అక్కడ తప్పుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు బాగా నెగ్గుకొస్తున్నారు. ఎందుకలా అని అధ్యాపకులను అడిగితే వారికి పట్టుదల తక్కువనీ, ఇంట్లో చదువు లేదనీ, డబ్బు లేదనీ, పునాది గట్టిగా లేదనీ తలా ఒక కారణం చెప్పారు. ట్రైస్‌మన్ ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. ఒక్కో వర్గం నుంచి 20 మంది చొప్పున ఎంచుకుని, వాళ్ళ వెంటే నెలల తరబడి తిరిగి, ఎలా చదువుతున్నారో చూశారు.

చెప్పిన కారణాల్లో ఏదీ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు కష్టపడుతూనే ఉన్నారు. గంట పాఠానికి రెండు గంటలు చదవమంటే చదువుతూనే ఉన్నారు. కాని 20 మందిలో 18 మంది ఎప్పుడూ ఒంటరిగానే చదువుతున్నారు. తాము చేసిన లెక్క తప్పో ఒప్పో చెప్పేవారు లేరు. తనకొక్కడికే అర్థం కావడం లేదేమోనని ఒక్కొక్కరూ లోపల కుమిలిపోతున్నారు. చైనా విద్యార్థులు ముందు విడివిడిగా చదువుకుని, సాయంత్రం ఒకచోట చేరి భోజనాలు చేస్తూ లెక్కలు సరిచూసుకుంటున్నారు. ఎవరికీ రాని లెక్క ఉంటే అది కష్టమైన లెక్క అని తెలుస్తుంది, తమలో లోపం అనుకోరు. ఇది చూసి ట్రైస్‌మన్ కూటమి పాఠాలు మొదలు పెట్టారు. వెనుకబడిన వారికి వేసే తేలిక పాఠాలు కావవి. మామూలు కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి, గుంపులుగా కూర్చుని చేయించేవారు. ఆ తరగతుల్లో చేరిన నల్లజాతి, లాటినో విద్యార్థుల ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. ఆ పద్ధతి అమెరికాలో తరువాత చాలా కళాశాలలకు పాకింది.

ఇప్పుడు మన దేశానికి తిరిగి వద్దాం. ఇక్కడ గుమ్మం తెరిచే పని ఎక్కువగా ప్రభుత్వమే చేసింది. అందులోనూ మద్రాసు రాజధానిది ముందడుగు. కమ్యూనల్ జి.ఓ. అని మన పెద్దవాళ్ళు చెప్పుకునేవారే, దాని ప్రకారం వృత్తివిద్యా కళాశాలల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లిములకు 1 కేటాయించేవారు. దీని మీద వేసిన రెండు దావాల్లో ఒకటి వైద్య విద్య గురించి, రెండోది గిండీ ఇంజనీరింగ్ సీటు గురించి. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదని తీర్పు ఇచ్చింది. దాని తరువాతే అదే సంవత్సరం రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేసుకునే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చారు. ఐ.ఐ.టి.లలో ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు రిజర్వేషన్ 1973లో, ఇతర వెనుకబడిన తరగతులకు 2008లో వచ్చాయి. ఆడపిల్లల సంఖ్య పెంచడానికి 2018 నుంచి అదనపు సీట్లు కల్పించారు. తమిళనాడు ప్రభుత్వం 2021లో ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు ఇంజనీరింగ్ వంటి వృత్తివిద్యల్లో 7.5 శాతం సీట్లు కేటాయించింది. ఇక్కడి కార్పొరేషన్ బడుల్లో, పంచాయతీ బడుల్లో చదివే మన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా అది వర్తిస్తుంది. తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుని ఉండడం మంచిది.

ఇవన్నీ అవసరమైన పనులే. ఇవి లేకపోతే లక్షల మంది పిల్లలు ఆ ఆవరణలోకి అడుగే పెట్టేవారు కారు. కాని చట్టం ఒక పిల్లవాణ్ణి తరగతి గదిలో కూర్చోబెట్టగలదు. పక్కవాడిని పలకరించమని శాసించలేదు. నీ ర్యాంకు ఎంత, ఏ కోటాలో వచ్చావు అని మొదటి రోజునే అడిగి మొహం తిప్పుకునేవారుంటే దానికి ఏ జి.ఓ. మందు? ఆ పని చేయగలిగింది తోటి విద్యార్థులే.

నేను రెండు భాషల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయురాలిని. రాష్ట్రం బయట ఉన్న మన పిల్లల చిక్కు ఇంకొకటి నాకు రోజూ కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో, పరీక్షలో ఇంగ్లీషు. త్రికోణమితి లెక్క తమిళంలో చెబితే అర్థమై, తెలుగులో తమ్ముడికి వివరించి, ఇంగ్లీషులో రాయమనేసరికి కలం ఆగిపోయే పిల్లలున్నారు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో వాళ్ళు తప్పితే తెలివి లేదంటారు. లోపం తెలివిలో ఉందా, భాషలో ఉందా అని విడదీసి చూసేవారు తక్కువ. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతి ఇచ్చింది. మంచిదే. కాని మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది ఇంగ్లీషు తరగతుల్లోనే. అక్కడ మొదటి ఆరు నెలలు ఒక సీనియరు విద్యార్థి సాయంత్రం గంటసేపు కూర్చుని, ఇంగ్లీషు మాటను ఇంటి భాషలో విడమరిచి చెబితే ఆ పిల్ల తేరుకుంటుంది. ట్రైస్‌మన్ చెప్పినదీ పర్డ్యూ విద్యార్థులు చేసినదీ ఇంచుమించు ఇదే. దీనికి భవనం అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు. ఒక గది, నల్లబల్ల, నలుగురు మనుషులుంటే చాలు.

మన పిల్లలు ఈనాడు ఎం.ఎస్., పిహెచ్.డి. చదువులకు అమెరికా కూడా పెద్ద సంఖ్యలో వెళుతున్నారు. అక్కడ వారిలో చాలామంది టీచింగ్ అసిస్టెంట్లుగా కింది తరగతులకు లెక్కలు చెబుతారు, లేబొరేటరీలు నడుపుతారు. తాము పరాయి దేశంలో కొత్తవారై ఉండగానే, తమకంటే కొత్తవారికి చేయి అందించే అవకాశం వారికి వస్తుంది. అక్కడి వాతావరణం కూడా ఇప్పుడు మారుతోంది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని తీర్పు చెప్పింది. టెక్సాస్ రాష్ట్రంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఈ పనికోసం నడుపుతున్న కార్యాలయాలను 2024 జనవరి 1 నుంచి అమలైన చట్టం వల్ల మూసివేశాయి. ఆ తీర్పులూ చట్టాలూ మంచివా చెడ్డవా అన్న వాదన అక్కడ తీవ్రంగా సాగుతూనే ఉంది. చరిత్ర చూస్తే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది. 1919లో కొలరాడోలో ఉత్తరాలు రాసిన ఇద్దరికీ, 1971లో డీన్ గది తలుపు తట్టిన ఇద్దరికీ కార్యాలయాలు లేవు. వారి పని అవి లేకుండానే మొదలైంది.

ఇంజనీర్లు కట్టే వంతెన మీద అన్ని కులాలవారూ, అన్ని భాషలవారూ, ఆడా మగా నడుస్తారు. వారు వేసే కరెంటు తీగ అందరి ఇళ్ళకూ పోతుంది. ఆ పనిని తలపెట్టేవారిలో ఒకే రకం మనుషులుంటే, మిగిలినవారి అవసరాలు వారికి తట్టకపోవచ్చు. పట్టా అచ్చు వేయించినవారికి 'ఆమె' అన్న మాట తట్టలేదు కదా. అందుకని ఇంజనీరింగ్ కళాశాలలో రకరకాల పిల్లలు ఉండడం, చివరి దాకా ఉండడం, వారి కోసం మాత్రమే కాదు, మన అందరి కోసం.

ఈ ప్రసంగం వింటున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక మనవి. మీ తరగతిలో వెనుక బల్ల మీద ఒంటరిగా కూర్చునే వారెవరో మీకు తెలిసే ఉంటుంది. రేపు మధ్యాహ్నం భోజనానికి పిలవండి. మీ పాత నోట్సు, పాత ప్రశ్నపత్రాలు దాచి ఉంచి, వచ్చే సంవత్సరం చేరేవారికి అందించండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కులు అడగండి, తప్పు లేదు. దానితోపాటు, నీతో కలిసి చదివేవారెవరమ్మా అని కూడా అడగండి. ఎవరూ లేరు అని జవాబు వస్తే, గిండీలో లలితగారి తండ్రి చేసినట్టు మీరూ పూనుకోండి. కళాశాల వారిని కలవండి, అదే ఊరి నుంచి వెళ్ళిన పిల్లల పేర్లు కనుక్కోండి, పరిచయం చేయండి. గిండీలో లలితగారి తరువాత ఇద్దరు రావడానికి ఒక ప్రకటన సరిపోయింది.